మూడో కార్డు

9 జనవరి 1962, మంగళవారం

శనివారం జరిగింది వరసగా రాసి పెడతాను. అడిగినవాళ్ళకు చెప్పేటప్పుడు రెండుసార్లు వరస తప్పాను.

పొద్దున నా భార్య జయశీల స్కూల్లో ఒంటిపూట పాఠాలు చెప్పింది. ఇంటికొచ్చి వంకాయ కూర, చారుతో అన్నం తిని అరగంట పడుకుంది. నాలుగింటికి గోల్ఫ్ మైదానానికి బయలుదేరింది. రైలు డ్రైవర్ ముత్యాలయ్య ఆట ఆడతాడు. తను వెంట నడిచి, ఒక్కో గుంటలో బంతి పడడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో కార్డు మీద రాయాలి. నన్నూ రమ్మంది. ఇన్‌స్పెక్షన్ కాగితాలున్నాయన్నాను.

"కాగితాలు పారిపోవులెండి" అంది.

నేను వెళ్ళలేదు.

ఆరు కావస్తుండగా వచ్చింది. గుడ్డసంచిని వసారాలో మేకుకు తగిలించింది. "కాళ్ళు కడుక్కుని వచ్చి కూడతాను" అంది, కార్డు సంగతి. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. వెనక మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. గ్లాసు ముంచుకుని వచ్చేసరికి స్తంభానికి తల ఆనించి ఉంది. పిలిచాను. పలకలేదు. రైల్వే ఆసుపత్రి డాక్టరు సైకిలు మీద వచ్చాడు. గుండె అన్నాడు. ఆరూ నలభై.

ఆదివారం నాలుగింటికి సమాధి చేశాం. బిట్రగుంట రైల్వే కాలనీ సగం వచ్చింది. స్కూలు పిల్లలు పాట పాడారు. మొదటి చరణం తరువాత గొంతు కలవలేదు వాళ్ళకు.

ఆ గ్లాసు నీళ్ళు ఏం చేశానో గుర్తు రావడం లేదు.


11 జనవరి

ఆమె అక్కగారు ఎలిశబెతు వదిన మనుబోలు నుంచి వచ్చి ఇక్కడే ఉంది. బట్టలన్నీ మడతపెట్టి పెట్టెలో సర్దింది. సాయంత్రం వసారాలోకి వచ్చి మేకు కేసి చూసింది.

"మరిదీ, ఈ సంచి అట్నే తగిలించి ఉండాది. తీసేదా?"

"ఉండనీ వదినా."

"లోపల ఏముందో. తినే వస్తువేదన్నా ఉంటే చీమలు పడతాయబ్బా."

"ఏమీ ఉండదు. ఉండనీ."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. రాత్రి చేపల పులుసు చేసింది. బాగుంది. జయశీల అయితే ఇంకొంచెం చింతపండు వేసేది. ఆ మాట అనలేదు.


17 జనవరి

ఆఫీసుకు వెళ్ళాను.


20 జనవరి, శనివారం

వదిన వెళ్ళిపోయింది. పది రోజులకు సరిపడా గోంగూర పచ్చడి జాడీలో పెట్టి పోయింది.

ఈ రోజు నాలుగింటికి ఏం చెయ్యాలో తోచలేదు. ఆమె ఉండగా ఆరేళ్ళలో శనివారం నాలుగింటికి ఇంట్లో ఉన్నది లేదు, ఆ ఒక్క రోజు తప్ప.

దొరల కాలంలో వేసిన మైదానం. వాళ్ళు పోయాక మిగిలినవాళ్ళం ఆడడం మొదలుపెట్టాం. తొమ్మిదే గుంటలు. గడ్డి బతకదు కాబట్టి గుంట చుట్టూ ఇసుకలో మాడిన ఇంజనాయిలు కలిపి చదును చేస్తారు. జయశీల చీర అంచులకు ఆ నూనె వాసన ఎప్పుడూ ఉండేది. కుంకుడుకాయ రసానికీ పోయేది కాదు. స్కూల్లో పిల్లలు "టీచరమ్మ దగ్గర రైలు వాసన వస్తది" అనుకునేవాళ్ళట. అది చెప్పుకుని తనే నవ్వేది.

హ్యాండికాప్ అంటే ఏమిటని మొదట్లో అడిగింది. గట్టి ఆటగాడూ, వట్టి ఆటగాడూ కలిసి ఆడినప్పుడు వట్టివాడి దెబ్బల్లోంచి కొన్ని తీసేసి లెక్కించడానికి పెట్టుకున్న అంకె అని చెప్పాను. నాది పదహారు, అంటే నా దెబ్బల్లో పదహారు కొట్టేస్తారు. కాసేపు ఆలోచించింది.

"పరుగు పందెంలో చిన్నపిల్లల్ని పదడుగులు ముందు నిలబెడతాం మేము. అదేగా?"

"అదే."

"మరి పిల్లాడు ఎదిగితే?"

"అందుకే ఏడాదికోసారి చూస్తాం. ఏడాదిలో ఒక్క కార్డూ వెయ్యకపోతే ఆ అంకె చెల్లదు. కొత్తవాడైతే మూడు కార్డులు వేస్తేనే అంకె వస్తుంది. అంకె లేనివాడికి పోటీలో చోటు లేదు."

"మీ క్లబ్బు మా స్కూలు కంటే నయం. మేము ఎదిగినవాణ్ణి కూడా అక్కడే నిలబెడతాం" అంది.

తరువాత తనే ఆట నేర్చుకుంది. తన అంకె ఇరవై ఏడు. నన్ను ఇంట్లో ఏమండీ అనేది, మైదానంలో సెక్రటరీ గారూ అనేది. హ్యాండికాప్ సెక్రటరీని నేనే. రిజిస్టరు మాత్రం సగం ఆమె చేతిరాతే.


4 ఫిబ్రవరి, ఆదివారం

అష్టగ్రహ కూటమి అని ఊళ్ళన్నీ భయపడుతున్నాయి. రైళ్ళు ఖాళీగా పోతున్నాయి. చర్చిలో కూడా మనుషులు తక్కువే. పాస్టరు గారు భయపడవద్దని ప్రసంగం చేశారు. నాకు భయం వెయ్యలేదు. జరగవలసింది జరిగినవాడికి గ్రహాలతో ఏం పని.

మోకాలు నొప్పిగా ఉంది. మైదానానికి వెళ్ళకపోవడానికి అదే కారణం.


15 ఫిబ్రవరి, గురువారం

మా క్లబ్బు పోటీ, పెన్నా కప్పు, మార్చి మూడున. అర్హుల జాబితా ఈ రోజు బోర్డు మీద పెట్టాను. పదకొండు పేర్లు. ముత్యాలయ్యకు రెండు కార్డులే ఉన్నాయి, పేరు లేదు. ఈ నెల ఇరవై ఎనిమిది సాయంత్రం వరకు మైదానం షెడ్డు దగ్గరి డబ్బాలో పడిన కార్డులు లెక్కలోకి వస్తాయని కింద రాశాను.

జాబితా మొదటిసారి మొత్తం నా చేతిరాతతో ఉంది.


16 ఫిబ్రవరి

సాయంత్రం ముత్యాలయ్య వచ్చాడు. డ్యూటీ దిగి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చిన్నప్పుడు ఇదే మైదానంలో దొరల సంచులు మోసినవాడు. ఇప్పుడు మెయిలు నడుపుతాడు. క్లబ్బులో డ్రైవర్లను చేర్చుకోవాలని కమిటీ ఒప్పుకున్నది నిరుడు ఆగస్టులో. మార్చి ముప్పై ఒకటిన అతను రిటైరవుతున్నాడు. ఉద్యోగంతో పాటే సభ్యత్వమూ పోతుంది. అంటే అతనికి ఈ కప్పు మొదటిదీ, కడపటిదీ.

కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

"జాబితాలో నా పేరు లేదు సార్."

"మూడో కార్డు రాలేదు ముత్యాలయ్యా."

"ఆడినా గదా సార్. ఆ శనివారం. టీచరమ్మే రాసింది."

"నాకు చేరలేదు."

అతను చొక్కా చెయ్యి మడత సరిచేసుకున్నాడు.

"ముందే అడగాల్సింది. అమ్మ పోయిన ఇంటికొచ్చి కార్డు యాడుందని ఎట్టా అడిగేది? మీరే చూసుంటారులే అనుకున్నా."

"ఇంకోటి ఆడు. పన్నెండు రోజులున్నాయి."

"ఆడతా సార్. ఎవురు నడుస్తారు నాతో? ముగ్గురిని అడిగినా. ఒకాయన ఎలక్షన్ డ్యూటీ అన్నాడు, ఒకాయన జోడీ ఉందన్నాడు, ఇంకొకాయన చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే అంటే ఏందో మనకి తెలవదా."

వెంట నడిచి కార్డు రాసే మార్కరుకు కూడా చెల్లుబాటయ్యే హ్యాండికాప్ ఉండాలి. పదకొండు మందే ఉన్నారు. ఆ పదకొండులో నేనూ ఒకణ్ణి. అతను నన్ను అడగలేదు.

వెళ్ళేటప్పుడు వసారాలో ఆగాడు. మేకు మీది సంచి చూశాడు. చేతులు రెండూ ఒకసారి జోడించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.


17 ఫిబ్రవరి, శనివారం

ఇల్లంతా వెతికాను. బీరువా, బల్ల సొరుగులు, ఆమె బైబిలు, స్కూలు పుస్తకాల కట్ట, బియ్యం డబ్బా పక్కన ఆమె చీటీలు పెట్టే డబ్బా. కార్డు లేదు.


18 ఫిబ్రవరి

సంచిలో చూడలేదు. అందులో ఉండే అవకాశం తక్కువ.


21 ఫిబ్రవరి, బుధవారం

క్లబ్ కెప్టెన్ రంగనాయకులు గారు ఆఫీసుకు వచ్చారు. ఇంజనీరు, మంచి మనిషి, గొంతు పెద్దది. బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక బస్తా మొలగొలుకుల బియ్యం తెప్పించి ఇంటికి పంపుతానన్నారు. ఒక్కడికి బస్తా ఎందుకన్నాను. ఒక్కడే తినేవాడికి మంచి బియ్యం అక్కర్లేదా అన్నారు. తరువాత అసలు సంగతికి వచ్చారు.

"ఏమయ్యా యెహోషువా, ఆ ముత్యాలయ్య పేరు ఎక్కించెయ్యరాదా?"

"మూడు కార్డులు లేవండి."

"మూడోది ఆడినాడని అందరికీ తెలుసు. మీ ఇంటావిడే గదా రాసింది. యాడో ఉంటుంది. దొరికితే ఆలస్యం మేం మాఫీ చేస్తాం."

"సంతకం ఉందో లేదో తెలియదు."

ఇది చెప్పకుండా ఉండవలసింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"లేకపోతే నువ్వే ఆమె పేరు మీద గీత గీసెయ్. మొగుడూ పెళ్ళాల సంతకాలు ఎవరు అడగొచ్చారు?"

"ఆమె అడుగుతుందండి" అన్నాను.

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. లేచి నా భుజం మీద చెయ్యి వేసి, "బియ్యం పంపుతాలే" అని వెళ్ళిపోయారు.

సంతకం గురించి నాకు అనుమానం ఎందుకంటే, జయశీల ఏ కార్డు మీదా మైదానంలో సంతకం చేసేది కాదు. అందరూ షెడ్డు దగ్గరే చేసి డబ్బాలో వేస్తారు. రూలు మరునాటి సాయంత్రం దాకా గడువిస్తుంది గనుక ఆమె ఇంటికి తెచ్చేది. కాళ్ళు కడుక్కుని, వంటింటి బల్ల ముందు కూర్చుని, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడేది. రెండూ కలిస్తేనే సంతకం. మరునాడు చర్చికి పోతూ డబ్బాలో వేసేవాళ్ళం.

అక్కడే చెయ్యమని ఒకసారి చెప్పాను. "నడిచి అలసినవాళ్ళకి ఏడూ తొమ్మిదీ ఒకటిగానే కనపడతాయి. ఒకరి ఆట నా చేతిలో ఉంది. తప్పు రానియ్యను" అంది.

మళ్ళీ చెప్పలేదు. చెప్పి ఉండవలసింది. కానీ బల్ల ముందు కూర్చుని పెదవులు కదుపుతూ ఆమె కూడడం చూడడం నాకు ఇష్టం. సెక్రటరీగా కాదు.


22 ఫిబ్రవరి

బియ్యం వచ్చాయి. అన్నం బాగుంది.


25 ఫిబ్రవరి, ఆదివారం

చర్చి నుంచి వచ్చి సంచి తీశాను.

యాభై రోజులు అది అక్కడ ఉందని ఈ డైరీలోనే రాసి ఉంది. కార్డు అందులోనే ఉందని నాకు పదహారో తారీఖునే తెలుసు. ఇంకా ముందే తెలుసేమో. ఇల్లంతా వెతికానని రాసుకున్నాను. ఇల్లంతా వెతికాను, సంచి తప్ప.

లోపల ఉన్నవి: జేబురుమాలు. రెండు బంతులు, ఒకటి పగిలింది. పెన్సిలు. కాగితం పొట్లంలో వేరుశనగలు. చీమలు పట్టాయి, వదిన చెప్పినట్టే. తల్లో పెట్టుకునే పిన్ను. కార్డు.

కార్డు నలగలేదు. తొమ్మిది గుంటలకూ అంకెలు వేసి ఉన్నాయి. ఏడో గుంట దగ్గర ఆరు రాసి, కొట్టేసి, ఏడు రాసింది. పక్కన చిన్న అక్షరాలతో, "పొదలో కర్ర తగిలి బంతి కదిలిందట. నేను చూడలేదు. అన్నే చెప్పినాడు." ముత్యాలయ్యను ఆమె అన్నా అనే పిలిచేది. బంతి కదిలితే ఒక దెబ్బ కింద లెక్క. ఎవరూ చూడని ఆ దెబ్బను అతను తన మీద వేసుకున్నాడు. ముత్యాలయ్య సంతకం వంకరగా ఉంది. మొత్తం గడి ఖాళీ. మార్కరు గడి ఖాళీ.

అంకెలు నేనే కూడి చూశాను. పైనుంచి కిందికి నలభై ఏడు. కిందినుంచి పైకి నలభై ఏడు.

బల్ల మీద ఆమె కలం ఉంది. ఆమె సంతకంలో శీ ఎలా తిరుగుతుందో నాకు తెలుసు. రిపోర్టు కార్డుల మీద వేలసార్లు చూశాను. కలం మూత తీశాను. తీశానని ఇక్కడ రాస్తున్నాను. గడి మీద పాళీ పెట్టలేదు. మళ్ళీ మూత పెట్టాను.

ఆలస్యాన్ని కమిటీ మన్నించగలదు. సంతకం లేకపోవడాన్ని మన్నించే అధికారం ఎవరికీ లేదు. కార్డు చెల్లదు.

మధ్యాహ్నం రిజిస్టరు తిరగేశాను. నా పేరు దగ్గర ఆమె చేతిరాతతో ఉంది: చివరి కార్డు 28 ఫిబ్రవరి 1961. తరువాత మోకాలు పట్టేసి నేను ఆడలేదు. ఆమె సంచి మోస్తూ వెంట నడిచాను, అంతే. ఆడడం కంటే అదే బాగుండేది. నా అంకె చెల్లేది ఈ ఇరవై ఎనిమిది సాయంత్రం వరకే. వదిలెయ్యాలని అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా, పేరు దానంతట అదే జాబితాలోంచి పోయేలా.

వేరుశనగల పొట్లం చీమలు దులిపి మళ్ళీ సంచిలోనే పెట్టాను. ఎందుకో తెలియదు.


26 ఫిబ్రవరి, సోమవారం

మధ్యాహ్నం లోకో షెడ్డుకు వెళ్ళాను. ముత్యాలయ్య నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. గూడూరు పాసింజరు తీసుకుని సాయంత్రం బయలుదేరాలి. కార్డు చూపించాను. అతను ముట్టుకోలేదు. చేతులు మురికిగా ఉన్నాయన్నాడు. నేను పట్టుకుని ఉంటే చదువుకున్నాడు.

"ఏడో గుంట సంగతి కూడా రాసిందే" అన్నాడు.

"రాసింది. సంతకం చెయ్యలేదు."

"ఇంటికి పోయి కూడి చేస్తానన్నది. తొందరేం లేదమ్మా అన్నా నేను. నేనే తొందర పెట్టుంటే" అన్నాడు.

"నేనూ తొందర పెట్టలేదు."

అతను గుడ్డతో వేళ్ళ సందులు తుడుచుకున్నాడు.

"కెప్టెన్ గారు ఎట్టాగో చేస్తామని కబురు పెట్టినారు. వద్దన్నా సార్. ముప్పై ఏళ్ళు సిగ్నలు పడనిది బండి కదిలించలేదు. పోయే ముందు నెలలో దయగా ఇచ్చిన చోటు నాకెందుకు? రేపు నలుగురూ టీచరమ్మ పేరు కూడా అంటారు."

"దయ కాదు. ఎల్లుండి నీకు డ్యూటీ ఉందా?"

"లేదు. రేపు సందకాడ వచ్చేస్తా."

"పొద్దున ఆరింటికి ఆడు. నేను రాస్తాను."

అతను గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"మీ కాలు?"

"నొప్పి లేదు."

"ఉండాది. మెట్లు దిగేటప్పుడు చూసినా."

"తొమ్మిది గుంటలే కదా."

"మీ అంకె చెల్లుతుందా సార్? మీరాడి ఏడాది దాటలా?"

రూలు అతనికి నాకంటే బాగా తెలుసు. ఎల్లుండి సాయంత్రం దాకా చెల్లుతుందని చెప్పాను. ఆ తరువాత చెల్లదని కూడా చెప్పాను.

"అట్టయితే కప్పు అయినాక నేను నడుస్తా మీతో. అప్పటికి నాకూ అంకె ఉంటది గదా. నాకు ఇంకా నెల ఉండాది. కొత్తవాళ్ళ మాదిరి మీకు మళ్ళీ మూడు కార్డులు కావాలి, అంతే గదా? మెల్లగా ఆడండి. మోకాలికి మాడిన ఇంజనాయిలు రాస్తా, బాగా పని చేస్తది."

"నవ్వుతారయ్యా."

"నవ్వనీండి. టీచరమ్మ ఎన్నిసార్లు అనింది, మా సెక్రటరీ గారితో ఒక్కసారి బంతి కొట్టించు అన్నా, రూల్సు రాసీ రాసీ ఆట మరిచిపోతున్నారు అని."

ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు ఆమె. అతని ద్వారా ఇప్పుడు అందింది.

వచ్చేటప్పుడు, "ఎల్లుండి కలుద్దాం అన్నా" అన్నాను. నోట వచ్చేసింది. అతను ఇంజను ఎక్కుతూ టోపీ సర్దుకున్నాడు.


27 ఫిబ్రవరి, మంగళవారం

సాయంత్రం ఆరు. గూడూరు నుంచి బండి వచ్చింది. కూత విన్నాను.

ఆమె రాసిన కార్డును రిజిస్టరులో పెట్టి, ఎదుట ఇలా రాశాను: "ఆట నిజం. మార్కరు సంతకం లేదు. లెక్కలోకి రాదు." కింద నా సంతకం చేశాను.

పెన్సిలు చెక్కాను. ఖాళీ కార్డు ఒకటి తీసి ముత్యాలయ్య పేరు రాశాను. బూట్లు దులిపాను. ఎడమదాని అడుగు ఊడేలా ఉంది, దారంతో కట్టాను. పగిలిన బంతి తీసేసి మంచిది సంచిలో ఉంచాను. వదిన ఉత్తరానికి జవాబు రాశాను, గోంగూర అయిపోయిందని.

రేపు ఉదయం ఆరింటికి ఆమె సంచి భుజాన వేసుకుని ముత్యాలయ్యతో మైదానానికి వెళతాను. తొమ్మిది గుంటలూ నడుస్తాను. షెడ్డు అరుగు మీద కూర్చుని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడతాను. అక్కడే సంతకం చేసి, కార్డు డబ్బాలో వేస్తాను. తరువాత ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటాను.